పుట్టిల్లు నూనె, మెట్టినిల్లు నీరు

ఉద్దానం కొబ్బరినూనె మా పిన్ని ఇంట్లో రెండు ఉద్యోగాలు చేస్తుంది. పొద్దున్నే నెత్తికెక్కుతుంది. కాస్సేపటికి సబ్బు వేషంలో వచ్చి, ఎక్కినదాన్ని దించుతుంది. కవిటి దగ్గర పుట్టి పెరిగిన పిన్నికి ఈ దండగ గిట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరితోటల్ని పడగొట్టిన దగ్గర్నుంచి మరీను. “నూనె వదలగొట్టడానికి మళ్లీ నూనేనేటి? మొదలే రాసుకోడం మానేస్తే పోదా?” అంటుంది.

సబ్బు చేసేది బాబాయి. సైన్సు మాష్టారుగా రిటైరయ్యారు గనక, పిల్లలు దొరక్క నూనెకి పాఠం చెబుతున్నారు. కిలో నూనెకి కాస్టిక్ సోడా 180 గ్రాముల చిల్లర. సోడానే నీళ్లలో వెయ్యాలి; సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహాన చిమ్ముతుంది. పాతదే కదా అని పిన్ని సిల్వరు గిన్నె (అల్యూమినియమే లెండి) ఇచ్చింది. సోడా గిన్నెనే తినేస్తుందని ఆయన, స్టీలు గిన్నె ఇచ్చేది లేదని ఆవిడ. సబ్బు చర్య కన్నా ఈ చర్యకే ఎక్కువ వేడి పుట్టింది.

నూనెలో మూడేసి కొవ్వు ఆమ్లాలు ఒక్కో గ్లిజరిన్‌ని పట్టుకుని ఉంటాయి. సోడా ఆ పట్టు విడిపించి, ఒక్కో ఆమ్లం కొసకి సోడియం తగిలిస్తుంది. సబ్బంటే అదే. గ్లిజరిన్ అందులోనే ఉండిపోతుంది. పెద్ద ఫ్యాక్టరీలైతే దాన్ని విడిగా తీసి అమ్ముకుంటాయి, బాబాయికి అంత వ్యాపారం లేదు.

పిన్ని ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. సబ్బు అణువు అత్తారింటికెళ్లిన ఆడపిల్ల. తోక పుట్టింటి నూనెది, తల మెట్టినింటి నీటిది. నెత్తిమీద పుట్టింటివాళ్లు కనబడగానే తోకలన్నీ జిడ్డులోకి దూరి, చుట్టూ మూగి, బొట్టుబొట్టుగా ఊడదీసి నీళ్లతో పాటు తీసుకుపోతాయి. నూనె బిడ్డ కాకపోతే నూనెని పలకరించేదే కాదు.

ఉప్పదనం ఉన్న బోరునీళ్లలో ఈ కాపురం చెడుతుంది. కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టుకుని, నురగ రానివ్వకుండా తెల్లటి తెట్టు కట్టిస్తాయి. కొబ్బరిసబ్బు కాస్త మొండిది. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం గొలుసు పొట్టిది కావడంతో, బారువ సముద్రపు నీళ్లలోనూ ఎంతో కొంత నురగిస్తుంది.

పిన్ని ఓటు కుంకుడుకాయకే. అందులోని సాపోనిన్లదీ ఇదే పద్ధతి, సోడా కూడా అక్కర్లేదు అని బాబాయి ఒప్పుకున్నారు. ఒప్పుకుని మళ్లీ సబ్బే చేశారు.

కోసిన బిళ్లల్ని నెల్లాళ్లు ఆరాలని అటకెక్కించారు. ఎలకలు వాటి అంచులు శుభ్రంగా కొరికిపెట్టాయి. పిన్ని ఓ బిళ్ల తెచ్చి పళ్లగాట్లు వెలుతుర్లో చూపించింది.

“చూసారా, ఎలక్కి తెలిసిపోనాది, ఇది నూనేనని!”