ముందు గొయ్యి, తర్వాత ప్లాటు

పిఠాపురంలో స్థలం కొనేవాడు అన్నీ చూసుకుంటాడు. ఈసీ తీయిస్తాడు, ఈశాన్యం పెరిగిందో లేదో టేపు పెట్టి కొలుస్తాడు, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి బోరు పాయింటు పెట్టిస్తాడు. ఆ మట్టిలో తనకంటే ముందు ఎవరు కాపురమున్నారో మాత్రం అడగడు. లింకు డాక్యుమెంట్లలో లేదు కదా!

ఉంటే చాలా దూరం పోయేది. ఇక్కడి రాజు మహేంద్రుణ్ణి ఓడించానని నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు అలహాబాదు స్తంభం మీద చెక్కించుకున్నాడు. పిష్టపురం, అంటే ఈ ఊరే, పట్టుకున్నానని రెండో పులకేశి 634 నాటి ఐహోళె శాసనంలో రాయించుకున్నాడు. పక్కనే కొడవలిలో శాతవాహన చండసాతి శాసనం, బౌద్ధుల శిథిలాలు. ఇన్ని చేతులు మారిన ఆస్తి ఇప్పుడు గజాల్లెక్కన పోతోంది. 2024 జూన్‌లో మా ఎమ్మెల్యే ఉప ముఖ్యమంత్రి అయ్యాక ఆ గజానికి గీర కూడా వచ్చింది.

ఇంగ్లండ్‌లో 1990 నుంచీ ఓ పద్ధతుంది. పాత ఊళ్ల దగ్గర కట్టుబడికి దరఖాస్తు పెడితే, ముందు తవ్వి చూపించమంటారు, ఖర్చు బిల్డరుదే. పొక్లెయిన్‌కి పళ్లులేని బకెట్ తగిలించి, స్థలంలో అక్కడక్కడా పొడుగాటి గోతులు తీస్తారు. బెత్తెడు బెత్తెడు మట్టి గీకుతుంటే పక్కన పురావస్తు నిపుణుడొకాయన కళ్లార్పకుండా చూస్తుంటాడు. రంగు మారితే చెయ్యెత్తుతాడు. ఎప్పుడో గుంజ పాతిన చోట కర్ర కుళ్లిపోయినా నల్లటి గుండ్రటి మచ్చ మిగులుతుంది. ఆయనకు కావలసింది అదే. ఏమీ లేకపోతే పూడ్చేసి కట్టుకోమంటారు.

మనకూ అలాంటి గోతులున్నాయి. అవి అర్ధరాత్రి నిమ్మకాయలు, కుంకుమ పట్టుకొచ్చే గుప్తనిధుల వాళ్లు వేసేవి. సొంత ఖర్చు, సొంత గునపం. నివేదిక ఒక్కటే ఇవ్వరు. మిగతా సర్వే టిప్పర్లు చూసుకుంటాయి. దిబ్బ మీది మట్టి పల్లంలో పడి రోడ్డు మెరకవుతుంది. మూరెడు పొడవు ఇటుక బయటపడితే డ్రైవరు ‘పాత సరుకండి, గట్టిది’ అని మెచ్చుకుని నీళ్ల డ్రమ్ము కింద ఎత్తు పెడతాడు.

చట్టం లేదనకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. కుండపెంకుకు రేటు ఎవరు కడతారు? 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్లలోపు కొత్త ఇల్లు కట్టకూడదు. నిజమే, రక్షిత జాబితాకెక్కినదానికి. ఇంకా మట్టిలోనే ఉన్నదానికి జాబితా ఎక్కడిది?

ముందే తవ్వి చూడటం మనకు రాక కాదు. సాగర్ నీళ్లు ముంచేలోగా 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయ తవ్వారు. కొన్ని కట్టడాలను కొండమీదికి మోసి మళ్లీ నిలబెట్టారు. ఆనకట్ట సర్కారుది, తవ్వినవాళ్లూ సర్కారే. వెంచరుకు ఆ తీరిక ఏదీ?

బిల్డరు భయమూ అబద్ధం కాదు. బొమ్మ దొరికిందని చెబితే పని ఆగుతుంది, బ్యాంకు వడ్డీ ఆగదు. ఎన్నాళ్లు ఆగాలో చెప్పే నాథుడుండడు. అందుకే విగ్రహానికి రెండే దారులు: రాత్రికి రాత్రి మళ్లీ పాతరెయ్యడం, లేదా తెల్లారేసరికి పసుపు పూసి అమ్మోరిని చేసెయ్యడం. జినుడైనా బుద్ధుడైనా అభ్యంతరం చెప్పడు. రెండో దారిలో గజం ధర కూడా పెరుగుతుంది.

అంచేత వెంచరు వాళ్లకు నాదో ఉచిత సలహా. నాలుగు గోతులు తీయించి, ఆ నివేదికనే హోర్డింగు ఎక్కించండి: ‘నూరు శాతం వాస్తు. బ్యాంకు లోను కలదు. కింద ఎవరూ లేరు.’