ఒక నోట్‌బుక్ వాక్యము: సటీకాతాత్పర్యము

మూలము: "ఈ నోట్‌బుక్ నా లాప్‌టాప్‌లో నడిచినది. నమ్‌పై, పాండాస్ ఉన్నచో తమకును నడుచును."

అవతారిక: పత్రము అచ్చుకు పోవు వేళ కోడును కూడ చూపుమని సంపాదకులు కోరగా, పరిశోధకుడు జూపిటర్ నోట్‌బుక్ నొకదానిని గిట్‌హబ్‌లో పడవేసి, రీడ్‌మీ ఫైలున ఇట్లు పలుకుచున్నాడు.

ప్రతిపదార్థము: ఈ నోట్‌బుక్ = పైనుండి క్రిందికి కాక, తోచిన వరుసలో నడపబడిన గడుల సమూహము (ప్రక్కనున్న అంకెలు 1, 2, 41, 7 అని యుండుట చూచునది); నా లాప్‌టాప్‌లో = పీహెచ్‌డీలో చేరిన నాటినుండి అడిగినదెల్ల ఇన్‌స్టాల్ చేయించుకొని, తనవంటిది మరియొకటి లోకమున లేని యంత్రమందు; నడిచినది = గడువునకు ముందురాత్రి ఒకపరి నడిచినది; నమ్‌పై, పాండాస్ = ఏ వెర్షనో చెప్పబడని ఆ రెండును, చెప్ప మరచిన తక్కినవియు; ఉన్నచో = చేదర్థకము, ఇందుచే భారమంతయు చదువరిపై పడినది; తమకును = సమీక్షకులకును, రెండేండ్లకు ఇదే కోడు తెరువబోవు తనకును; నడుచును = తద్ధర్మార్థకమువలె కనబడినను, నడుచుగాక యని ఆశీరర్థకముగా గ్రహింపవలెను.

తాత్పర్యము: నడువకున్న నన్నడుగవలదు.

విశేషములు: "నమ్‌పై" యని ఊరకుండుట చాలదు. పూర్వము పూర్ణాంకమునకు ఎన్‌పీ డాట్ ఇంట్ అని వ్రాయు అలవాటుండెడిది. 1.20 వెర్షనులో వలదని హెచ్చరించి, 1.24లో ఆ పేరునే తీసివేసిరి. కావున ఆ పేరు వాడిన 2019 నాటి నోట్‌బుక్ నేటి నమ్‌పైతో ఎర్రర్ ఇచ్చి ఆగును. ఆగుట మేలు. ఆగక నడుచునదే ప్రమాదము. సైకిట్-లెర్న్‌లోని ర్యాండమ్ ఫారెస్ట్, ఎన్ని చెట్లో చెప్పకున్నచో, మునుపు 10తో సరిపెట్టెడిది; 0.22 వెర్షను నుండి 100 నాటుచున్నది. ఎర్రర్ లేదు, ఎర్ర అక్షరము లేదు. పట్టికలో అంకెలు మాత్రము పత్రమున అచ్చైనవి కావు. సమీక్షకుడు పరిశోధకుని శంకించును, పరిశోధకుడు సమీక్షకుని శంకించును. వెర్షను నెవ్వరును శంకింపరు.

2019లో బ్రెజిల్, అమెరికా పరిశోధకులు గిట్‌హబ్ నుండి సుమారు 14 లక్షల నోట్‌బుక్‌లు తెచ్చి, నడపదగిన వానిని నడపి చూచిరి. తప్పు లేక నడిచినవి నూటికి 24. లోగడ ఫలితమే మరల ఇచ్చినవి నూటికి 4. ఆశీస్సు ఫలించు తీరు ఇది.

పూర్వపక్షము: పిప్ ఫ్రీజ్ చేసి రిక్వైర్‌మెంట్స్ ఫైలు పెట్టితిమి గదా?

సమాధానము: పెట్టుట మంచిదే. కాని అది ప్యాకేజీలనే చెప్పును. పైథాన్ ఏ వెర్షనో చెప్పదు, వాని అడుగున ఉబుంటు లైబ్రరీలు ఏవుండెనో అసలే చెప్పదు. కనుక ఎన్విరాన్‌మెంట్ ఫైలున పైథాన్‌ను, ప్యాకేజీలను వెర్షను సంఖ్యలతో వ్రాసి, ఉబుంటు లైబ్రరీలను ఆప్ట్ ఫైలున చేర్చి, ర్యాండమ్ సీడ్ నిర్ణయించి, కెర్నల్ రీస్టార్ట్ చేసి, మొదటి గడి నుండి చివరి గడి దాక నడిపింపవలెను. ఈ చివరిది ఒక్కటి చేసినను సగము వ్యాఖ్య అనవసరమగును. ఆ ఫైళ్లను చూచి రెపో-టు-డాకర్ అను పనిముట్టు డాకర్ ఇమేజ్ కట్టును; బైండర్ దానిని చదువరి బ్రౌజరులోనే తెరచును. అయితే బైండర్ దాచుకొను చోటు కాదు. ప్రతిని జెనోడోలో ఉంచి డీఓఐ పొందవలెను. జీపీయూ మీద వారము దినములు మరిగిన మోడలునకు ఉచిత బైండర్ చాలదు గనుక, అట్టివారు ఇమేజును, ఫలితముల ఫైళ్లను వేరుగా ఇయ్యవలెను.

పాఠాంతరము: "నా లాప్‌టాప్‌లో" అనుచోట "నా కోలాబ్‌లో" అని కొన్ని ప్రతులు. అచటి ప్యాకేజీలను గూగుల్ అప్పుడప్పుడు మార్చుచుండును గనుక అర్థభేదము లేదు.

అలంకారము: అతిశయోక్తి యని కొందరు. ఏ రీడ్‌మీ తెరచినను ఇదే వాక్యము కానవచ్చుటచే స్వభావోక్తి యని మా మతము.