అదియమాన్‌కోట్టై యాత్రాపద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం. ఆటవెలది.

కోట చూచి, పిదప కొలువులో బొమ్మలు
చూచి, పూటకూటి చోటు వెదకి,
గదిని బేరమాడి, గంటసేపొరిగియు
రాజధాని యాత్ర రమ్యమగును.

అవతారిక. ఈ పద్యం ఏ తాళపత్రంలోదని అడగకండి. వ్యాఖ్యానం రాయాలన్న దుగ్ధ పుట్టి, తగిన మూలం చేతికి దొరకనప్పుడు వ్యాఖ్యాతే ఒకటి కట్టుకుంటాడు. మన మెదకు సీమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ముందు కాళిదాసు ఉన్నాడు కాబట్టి ఒట్టు సాగింది. నా ముందు ఒక బస్సు టికెట్టు, ఒక లాడ్జి రసీదు ఉన్నాయి. అక్కరలేనిది చెప్పక తప్పదు.

రాజధాని అనగా ఇక్కడ తగడూరు. సంగం కాలపు అదియమానులు ఏలిన ఊరు. దాని కోట ఉండిన చోటే తమిళనాడు ధర్మపురికి దక్షిణాన ఆరేడు కిలోమీటర్లలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న అదియమాన్‌కోట్టై. ధర్మపురి అన్న మాట వినగానే గోదావరి ఒడ్డు నరసింహస్వామికి చేతులు జోడించిన తెలుగు పాఠకులు ఇక దించవచ్చు, ఇది వేరే ధర్మపురి.

టీక. కోట = దుర్గమును; చూచి = ఊహించి. ఈ రెండో అర్థం నిఘంటువులో లేదు, ఊరికి వెళితే తెలుస్తుంది. చేర రాజు పెరుంజేరల్ ఇరుంపొరై తగడూరును పడగొట్టాడని సంగం సంకలనం పతిట్రుప్పత్తులోని ఎనిమిదో పత్తు, అంటే పది పద్యాల భాగం, చెబుతుంది. తగడూరు కొట్టినవాడన్నది ఆయనకు బిరుదే అయిపోయింది. ఆ యుద్ధం మీద తగడూర్ యాత్తిరై అని ఒక కావ్యం పుట్టింది. అదీ పూర్తిగా దక్కలేదు, తునకలు మిగిలాయి. కోట పోయింది, కోట పోయిన కథ కూడా సగానికి పైగా పోయింది. ఊరిపేరు చివర మాత్రం కోట చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

ఇక్కడ పూర్వపక్షి లేచి, అయితే ఊళ్ళో చూడదగినదేదీ లేదా అంటాడు. ఉంది. చెన్నరాయ పెరుమాళ్ గుడి. మండపం పైకప్పు నిండా రామాయణ, భారత ఘట్టాలు రంగుల్లో ఉన్నాయి. కొన్ని చోట్ల సున్నం రాలింది, కొన్ని చోట్ల బొమ్మ సగమే నిలిచింది. అయినా తల ఎత్తి, మెడ పట్టేసేదాకా చూడవలసింది ఈ ఊళ్ళో ఇదొక్కటే అని వ్యాఖ్యాత అభిప్రాయం. హొగెనక్కల్ జలపాతానికి పరుగులు పెట్టే కార్లలో నూటికి ఎన్ని ఇటు తిరుగుతాయో తెలుసుకోవాలంటే గుడి ముందు నీడలో కాసేపు కూర్చుంటే చాలు, వేళ్ళ మీద లెక్క తేలుతుంది.

జనం ఉండేది కాలభైరవుడి గుడి దగ్గర. దక్షిణకాశి అని పేరు. కృష్ణపక్ష అష్టమి నాడు బూడిద గుమ్మడికాయను రెండుగా కోసి, గుజ్జు తీసి, నూనె పోసి వత్తి వేస్తారు. ఆ రోజు గుమ్మడికాయ అమ్మేవాడే ఈ రాజధానికి రాజు.

కొలువులో బొమ్మలు = సభయందలి ప్రతిమలు అని ఒక అర్థం, దసరా మెట్ల మీది బొమ్మలు అని ఇంకొకటి. శ్లేష. ఊళ్ళో ప్రభుత్వం కట్టిన అదియమాన్ కోట్టంలో అదియమాన్ నెడుమాన్ అంజి, ఆయన సభకు వచ్చిన కవయిత్రి ఔవై, ఇద్దరూ విగ్రహాలై ఉన్నారు. ఆయుష్షు పెంచే ఉసిరికాయ చేతికి చిక్కితే తాను తినక అవ్వకు పెట్టిన రాజు ఈయనే. దానివల్లనే తమిళులు చెప్పుకొనే కడపటి ఏడుగురు దాతల్లో చేరాడని అనుకుంటారు గాని, ఆ ఒక్క కాయ కోసమే అయితే ఔవై అన్ని పద్యాలు చెప్పేది కాదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పకపోతే టీక అసంపూర్ణం. రాజధాని చూడబోయి మ్యూజియంలాంటిది చూసి, బయటికి వచ్చి సమీక్ష చెప్పినవాళ్ళలో ఔవైకి చాలా పైవరుసలో చోటు ఇవ్వాలి. అంజి తరఫున రాయబారిగా కంచి వెళ్ళింది. అక్కడి రాజు తొండైమాన్ తన ఆయుధశాల చూపించాడు. నెమలి ఈకలు చుట్టి, నెయ్యి పూసి, కాపలా పెట్టి దాచిన ఈటెలు తళతళలాడుతున్నాయి. ఆమె మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే, మా రాజుగారివి మొనలు విరిగి కమ్మరి కొలిమి దగ్గర పడి ఉన్నాయండీ అన్నది. తొండైమాన్‌కు తన ఈటెలు ఎందుకు అంత మెరుస్తున్నాయో అప్పటికి అర్థమై ఉండాలి. పుఱనానూఱు అనే సంగం సంకలనంలో ఉన్న ఈ సన్నివేశం చదివాక ఏ రాజధానిలో అద్దాల వెనుక కత్తి చూసినా వ్యాఖ్యాతకు ముందు కొలిమి గుర్తొస్తుంది.

కమ్మరి కొలిమి వైపు వస్తువులు చూడాలంటే ధర్మపురి పట్టణంలోని పురావస్తు మ్యూజియానికి పోవాలి. అక్కడ ఉన్నవి నడుకల్లులు, అంటే మనం వీరగల్లు అనేవి. ఆవుల మందను తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడు, ఊరిని కాచి చచ్చినవాడు, ఒక్కొక్కడికి ఒక్కో బండ. విల్లు పట్టిన చెయ్యి, పక్కన నాలుగు అక్షరాలు. రాజధానిలో రాజు కోట మిగల్లేదు, ఆవు కోసం పోయినవాడి రాయి మిగిలింది. ఔవై తన రాజు పోయాక పాడినప్పుడు కూడా అంజికి నిలబెట్టిన రాయి ముందు చిన్న గిన్నెలో కల్లు పెట్టడం గురించే పాడింది.

చూచి, చూచి. పునరుక్తి దోషం. మొదటిది పెద్దలకు, రెండోది పిల్లలకు అని సమర్థించవచ్చు గాని, కవికి వేరే మాట తట్టలేదన్నదే నిజం.

పూటకూటి చోటు = డబ్బిచ్చి అన్నం తినే తావు. ప్రమాణం క్రీడాభిరామం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు అనే రాజధానిని ఒక్క రోజులో తిరిగి చూసి, గుళ్ళూ పందేలూ మాచల్దేవి చిత్రశాలా ఏదీ వదలకుండా, మధ్యలో పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు సుష్ఠుగా భోంచేశారు. ఎక్కడ ఏముందో, భోజనం ఎంతో కూడా చెప్పిన ఆ పుస్తకం ముందు ఇప్పటి యాత్రా కరపత్రాలు వెలవెలబోతాయి. అదియమాన్‌కోట్టైలో ఆ అదృష్టం తక్కువ. రోడ్డు పక్క హోటళ్ళలో పరోటా, దోసె ఏ ఊళ్ళో ఎలా ఉంటాయో ఇక్కడా అలాగే ఉంటాయి. ఈ సీమ సొత్తు రాగులు. కళి అంటారు, మన సంకటే. అది బోర్డున్న హోటల్లో అడిగితే సర్వరు మీ ముఖం వంక చూస్తాడు, బోర్డు లేని చోట అడిగితే ముద్ద ఆకులో పడుతుంది. ఉసిరికాయ ఊరగాయగా తప్ప ఎక్కడా పెట్టరు. ఆయుష్షు సంగతి అడగవద్దు.

గదిని = లాడ్జియందలి గదిని; బేరమాడి = తగ్గించమని బతిమాలి. గదులు ధర్మపురి బస్టాండు చుట్టుపక్కల చూసుకోవాలి. రాజధానిలో కోట, వసతి వేరే ఊళ్ళో అయితే యాత్ర ఎలా అని శంక రావచ్చు. సమాధానం జంబై శాసనంలో ఉంది. తిరుక్కోయిలూరు వైపు జంబై గుట్ట మీద 1981లో తమిళ బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయి. సతియపుత్రుడైన అదియన్ నెడుమాన్ అంజి ఇచ్చిన వసతి అని వాటి సారాంశం. మునులు తలదాచుకొనే రాతి నివాసం అది. రాజుగారే తన ఊరికి అంత దూరాన గది కట్టించినప్పుడు మనం ఏడు కిలోమీటర్లకు ఏడవడం తగదు. పైగా ఆయన అద్దె తీసుకోలేదు, కాబట్టి బేరం ప్రసక్తే లేదు. ధర్మపురిలో ఉంది. వేడినీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో బేరానికి ముందే అడగాలి.

గంటసేపొరిగియు. స్పష్టం.

రాజధాని యాత్ర రమ్యమగును. చూచి, వెదకి, బేరమాడి అన్న క్రియలకు కర్త పద్యంలో ఎక్కడా కనబడడు. ఖర్చు పెట్టినవాడే కర్త అని అన్వయించుకోవాలి.

ఇక రమ్యత ఎక్కడిదంటే, ఆ సతియపుత్ర శబ్దాన్ని పట్టుకొని ఉత్తరానికి రావాలి. కర్నూలు సీమలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎఱ్ఱగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. చోళులు, పాండ్యులు, సతియపుత్రులు, కేరళపుత్రులు, వీళ్ళ నేలల్లో కూడా మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని, మందు మొక్కలు నాటించామని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించామని వాటిలో ఒకటి చెబుతుంది. జంబై దొరికాక ఆ సతియపుత్రులు అదియమానులేనని తేలింది. అంటే తగడూరు ఏలిన వంశం పేరు తెలుగు నేల మీద రాతిలో పడి ఇరవై రెండు వందల ఏళ్ళు దాటింది. గుత్తి మీదుగా పోయేదీ 44వ నంబరు రహదారే, అదియమాన్‌కోట్టై పక్కన పోయేదీ అదే. హైదరాబాదులో బండి ఎక్కినవాడు ఎఱ్ఱగుడి కోసం గుత్తి దగ్గర కాసేపు పక్కకు తిరిగి, మళ్ళీ అదే రోడ్డెక్కి బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి దాటి ధర్మపురి చేరవచ్చు. దారిపొడుగునా అశోకుడు చెప్పిన బావులకు బదులు టోల్‌గేట్లు ఉంటాయి, చిల్లర కాక ఫాస్టాగ్ చూసుకోండి. బహుళ అష్టమి కాని రోజు ఎంచుకుంటే బండి నిలపడానికి చోటు కూడా దొరుకుతుంది.