పట్టికల పొత్తు

రెండు పట్టికలను కలుపుటయనగా రెండు కాగితముల అంచులకు జిగురు రాసి అంటించుటయే యని విశ్వసించు అధికారి ప్రతి కార్యాలయమునను ఒకరుందురు. మా కార్యాలయమున ఆ స్థానమును మేనేజరుగారే అలంకరించియున్నారు. ఉభయ తెలుగు రాష్ట్రములలోను వ్యవసాయపు పంపుసెట్లు విక్రయించు సంస్థ మాది. అమ్మకముల లెక్క హైదరాబాదులో ఒక ఎక్సెల్ షీటునందును, డీలర్ల జాబితా విజయవాడలో వేరొక షీటునందును, కమిషన్ల పద్దు మేనేజరుగారి సొంత కంప్యూటరునందును, చిరకాలముగా పరస్పర పరిచయము లేకయే సుఖముగా కాలక్షేపము చేయుచుండగా, ఒక శుభదినమున ఆయన నన్ను పిలిచి, "పవర్ బీఐ తీసుకున్నాం కదండీ, ఈ మూడూ కలిపేసి సాయంత్రానికి ఒక డ్యాష్‌బోర్డు చేసెయ్యండి" అని సెలవిచ్చిరి.

పట్టికలను కలుపు ఈ విద్యకు మూలపురుషుడు ఎడ్గార్ కాడ్. రెండవ ప్రపంచ సంగ్రామమున బ్రిటిషు వైమానిక దళమున విమానములు నడిపి, పిమ్మట ఐబీఎం సంస్థలో చేరి, 1970లో ఆయన ప్రకటించిన పత్రమే నేటి పట్టికల ప్రపంచమునకంతకును పునాది. ఇరు పట్టికలలోను సమానమగు విలువ యొకటి యున్నచో దానినిబట్టి ఈ వరుసకు ఆ వరుస బంధువని నిర్ణయింపవచ్చుననునది ఆ సిద్ధాంతమునుండి మనకు సంక్రమించిన ధైర్యము. ఆ మహానుభావుడు విమానములు నడిపినాడే గాని మా డీలర్ల పేర్లు చదివియుండలేదు.

మా డీలర్లలో సగముమంది వేంకటేశ్వరస్వామి పేరు పెట్టుకొన్నవారే. ఒక పట్టికలో 'శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్' అని యున్న దుకాణము వేరొక పట్టికలో 'శ్రీ వేంకటేశ్వరా ట్రేడర్స్' అగును, మూడవదానిలో 'ఎస్.వి. ట్రేడర్స్' అగును, పైపెచ్చు పేరు చివర ఎవరో స్పేస్ బార్‌పై బొటనవ్రేలు విశ్రమింపజేసినందున కంటికి కానరాని ఖాళీ యొకటి చేరి, అన్నివిధముల సరిపోయిన పేరును సైతము పరాయిదానిని చేయును. ఇందులకు విరుగుడుగా ఫజీ మ్యాచింగ్ అను నొక ఉదారభావము కలదు. పోలిక 0.8 పాళ్లున్నచో చాలునని అది సరిపెట్టుకొనును. ఆ ఔదార్యము ఫలితముగా తెనాలి లక్ష్మీ ట్రేడర్స్ బాకీ తణుకు లక్ష్మి ట్రేడర్స్ నెత్తిన పడినది. వాల్తేరు మాత్రము విశాఖపట్నముతో నొక అక్షరమైన సరిపడక వీధిన నిలిచినది. కావున ఏ పేరునకు ఏ పేరు పర్యాయమో తెలుపు ప్రత్యేకపు పట్టిక నొకదానిని నేనే వ్రాసి యంత్రమునకు సమర్పించితిని. మూడు పట్టికలను ఒకటి చేయబోయి నాలుగవదానిని సృష్టించుట ఎట్టి పురోగమనమో నాకు తెలియదు గాని, పర్యాయపదములకు అమరకోశము కూర్చిన అమరసింహునిపై గౌరవము మాత్రము ఇబ్బడియైనది.

పేర్లు కలియకపోయినచో నయమే. ఎదుటి గడిలో 'నల్' అని వెలసి, ఇచట ఏమియు లేదని నిజము చెప్పును. కలిసినపుడే భయపడవలెను. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి, 2019లో 33 అయినవి. మా పాత లెక్కలో 'వరంగల్' ఉన్నది, కొత్త లెక్కలోను 'వరంగల్' ఉన్నది. అక్షరమున కక్షరము సరిపోయి, యంత్రము రెంటిని నిస్సంకోచముగా కలిపినది. పాతది అవిభక్త జిల్లా. కొత్తది, అది ముక్కలైన పిదప వరంగల్ రూరల్‌గా వ్యవహరింపబడి, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండయైనపుడు, పూర్వనామమును వారసత్వముగా పొందిన భాగము. తెరపై గీత నిలువునా క్రిందికి జారినది. మేనేజరుగారు ఆ ప్రాంతపు ప్రతినిధికి తీవ్రమైన మెయిల్ వ్రాయించిరి. అతడు వినయముగా నిచ్చిన జవాబును నేను ముద్రించి దాచుకొన్నాను: "సార్, నా అమ్మకాలు పడిపోలేదు, నా జిల్లాయే చిక్కిపోయింది."

ఇక ఒకే డీలరు కోడు ఎడమ పట్టికలో మూడు పర్యాయములు, కుడి పట్టికలో నాలుగు పర్యాయములు ఉన్నచో, కలిపినపిదప పండ్రెండు వరుసలు పుట్టును; ప్రతి వరుసతోను అమ్మకపు సొమ్ము తిరిగి అచ్చుపడును. ఈ మహిమచే రాయలసీమలో మా వ్యాపారము ఒక్క పూటలో వర్ధిల్లినది. లోపమును విన్నవింపబోగా మేనేజరుగారు తలుపు దగ్గరగా వేసి, "హెడ్డాఫీసుకి పంపారా?" అని అడిగిరి. ఇంకను లేదంటిని. "అయితే ఇవాళ్టికి అలా ఉండనివ్వండి, చూడ్డానికి బాగుంది" అని ఆయన తెరవంక వాత్సల్యముతో చూచిరి.

మర్జ్ అను ఆజ్ఞ క్రింద ఆరు విధములైన కలయికలు చూపబడును. అందు లెఫ్ట్ యాంటీ యనునది మిక్కిలి నిర్మొగమాటమైనది. ఎడమవైపున ఉండియు కుడివైపున జాడ లేనివారిని మాత్రమే పిలిచి నిలువబెట్టును. దానిని అధికారులకెవ్వరును నేర్పకుందురు గాక. కోడులన్నియు శుద్ధిచేసి, కమిషన్ల పద్దును ఎడమను, అమ్మకముల లెక్కను కుడిని ఉంచి ప్రయోగించితిని. సంవత్సరమంతయు ఒక్క పంపుసెట్టైనను అమ్మకయే నెలనెలా కమిషన్ స్వీకరించుచున్న దుకాణములు వరుసకట్టినవి. మొదటి వరుసలోని దుకాణము మేనేజరుగారి బావమరిదిది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, మరల పెట్టుకొని, ఆ వరుసను సావధానముగా చదివి, "ఈ మూడో షీటు కలపక్కర్లేదులెండి. అది వేరే సబ్జెక్టు" అనిరి.