కుదువ పెట్టని చదువు

నేను ఒక ఇంటి దస్తావేజును. నల్గొండ పట్టణంలో నూట ఎనభై గజాల జాగా, అందులో మూడు గదుల ఇల్లు, నాలుగు దిక్కుల హద్దులు, ఇద్దరు సాక్షుల సంతకాలు, పుట పుటకీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర: ఇదీ నా ఒళ్లు. కొన్నాయన ఆర్టీసీ డ్రైవరు. ఆయన ఫోటో, వేలిముద్రలు నా మీదే ఉన్నాయి. బీరువాలో పట్టుచీరల కింద, పిల్లల పదో తరగతి మెమోల పక్కన నా చోటు.

దస్తావేజుకూ చదువుకూ ఏం సంబంధమని అనుకోవద్దు. మన దగ్గర చాలా ఇళ్లలో నాలాంటి కాగితం కదిలితేనే విమానం కదులుతుంది. ఈ ఇంట్లో పెద్దకొడుకు కోసం నేను కదిలాను. బిడ్డ కోసం కదలాల్సిన అవసరం రాలేదు. ఆ రెండు చదువుల మధ్య తేడాను నా అంత దగ్గరగా చూసినవాళ్లు లేరు కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

పెద్దకొడుకు ఇంజనీరింగులో సివిల్ చదివాడు. కాలువలు, ఆనకట్టలు అంటే ప్రాణం. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడల్లా స్నేహితులతో కలిసి పోయి చూసి వచ్చేవాడు. 2016లో అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది. సీటు ఇప్పించిన కన్సల్టెన్సీ వాళ్లు ఫీజు చెప్పారు, వీసా ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలో చెప్పారు. స్కాలర్‌షిప్పు అన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంటాయన తనకు తానే విచారించుకుంటే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి సంగతి తెలిసింది. కానీ దానికి ఇంటి ఆదాయం ఒక గీత దాటకూడదు. డ్రైవరు జీతం, ఓవర్ టైము కలిపితే ఆ గీత కొంచెం దాటింది. కొంచెం దాటినా దాటినట్టే కదా.

అప్పుడు నన్ను తీశారు. చదువు అప్పు ఏడున్నర లక్షల లోపయితే బ్యాంకులు ఆస్తి అడగకుండా ఇస్తాయి. ఇరవై లక్షలు కావాలంటే ఆస్తి కావాలి. లాయరు నన్ను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాడు. నాకు ముందున్న లింకు డాక్యుమెంట్లు అడిగాడు, ఆస్తి మీద వేరే అప్పు లేదని చూపే ఈసీ తెమ్మన్నాడు. వాల్యుయేషన్ చేసేటాయన వచ్చి గోడలు కొలిచిపోయాడు. ఇంటామె చాయ్ పెట్టి ఇస్తూ ఆయన ముఖంలోకే చూసింది, ఎంత రాస్తాడోనని. తర్వాత బ్యాంకులో సంతకాలయ్యాయి. నన్ను కవర్లో పెట్టి, కవరు మీద నంబరు వేసి, ఇనుప గదిలోకి పంపారు.

అక్కడ నా పక్కన ఎన్నో దస్తావేజులు. ఒకటి మిర్యాలగూడ రైసుమిల్లుది, ఒకటి సూర్యాపేట రిటైర్డు టీచరు ఇంటిది. మా అందరి పని ఒక్కటే. పిల్లలు ఎక్కడో చదువుతుంటే, ఇక్కడ మేము వాళ్లకు హామీగా కూర్చోవాలి. అప్పును నేను తప్పుపట్టను. అది లేకపోతే ఎంతమంది పిల్లలు గడప దాటేవాళ్లు కాదో నాకు తెలుసు. అయితే అప్పు చదువులోకి దూరి ఏం చదవాలో కూడా తానే నిర్ణయిస్తుంది.

కాలువలంటే ప్రాణమైన పిల్లవాడు అమెరికా పోయి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదివాడు. త్వరగా ఉద్యోగం వచ్చేది అందులోనని అందరూ చెప్పారు. ఇరవై లక్షలకు పదిన్నర శాతం అంటే వడ్డీయే ఏడాదికి రెండు లక్షల పైన. చదువుతున్నన్నాళ్లూ అది పెరుగుతూనే ఉంటుంది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, అదీ క్యాంపస్ లోపలే. ఆ ఇరవై గంటలూ యూనివర్సిటీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమాడు. లైబ్రరీలో కూర్చోవాల్సిన సాయంత్రాలన్నీ అట్లా పోయాయి. నాయనమ్మ పోయినప్పుడు రాలేకపోయాడు. విమానం టికెట్ డబ్బులు ఆ నెల కిస్తీకి సరిపోయాయి. కష్టపడి ప్రతి పైసా కట్టాడు, 2022లో నన్ను విడిపించాడు. మంచి ఉద్యోగంలో ఉన్నాడు, ఇంటికి అండగా ఉన్నాడు. నీళ్ల గురించి మాత్రం ఇప్పుడు మాట్లాడడు.

నేను తిరిగి బీరువాలోకి వచ్చేసరికి బిడ్డ ఉస్మానియాలో జియాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. ఆమెకు ఆ చదువు మీద ఇష్టం పుట్టింది పుస్తకాల వల్ల కాదు, అమ్మమ్మ వల్ల. అమ్మమ్మది మర్రిగూడ మండలం. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగిన మనిషి. ఫ్లోరైడ్ ఎముకలకెక్కి నడుము విల్లులా వంగిపోయింది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ప్రమాదమంటారు. మా జిల్లా గ్రానైటు రాళ్లలో నుంచి ఊరే భూగర్భ జలంలో అది ఎన్నోచోట్ల అంతకు మించి ఉంటుంది. ఒక బావిలో ఎక్కువ, వంద గజాల అవతల బోరులో తక్కువ ఎందుకుంటుందో తెలుసుకోవాలని ఆ పిల్ల పట్టు. ఆ చదువుకు జీతం ఎంతొస్తుందని బ్యాంకు అడిగితే గట్టి జవాబు చెప్పలేని చదువు అది.

ఆమెకు యూరప్‌లో ఒక కోర్సు దొరికింది. భూగర్భ జలం, మారుతున్న వాతావరణం దాని విషయం. లిస్బన్, డెల్ఫ్ట్, డ్రెస్డెన్ నగరాల్లోని మూడు సంస్థలు కలిసి నడిపే రెండేళ్ల మాస్టర్స్. డెల్ఫ్ట్‌లో ఉన్న సంస్థ 1957 నుంచీ నీటి చదువులకే అంకితమైంది. దరఖాస్తు పంపాక ఇంటాయన మళ్లీ నన్ను బీరువాలోంచి తీశాడు. దుమ్ము తుడిచి, పుటలు సరిచూసి, కొత్త కవర్లో పెట్టాడు. ఇంకోసారి ఇనుప గదికే పోతాననుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం బిడ్డ ఫోను పట్టుకుని గదిలోకి ఉరికొచ్చింది.

"నాయినా, యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వచ్చింది!"

"ఎంత ఇస్తరు బిడ్డా? మిగతాదానికి బ్యాంకుకు పోవాల్నా?"

"ఏమీ పోవద్దు నాయినా. ఫీజు లేదు. రెండేళ్లు నెలకు 1,400 యూరోలు వాళ్లే ఇస్తరు."

ఇంటామె వేళ్ల మీద లెక్కపెట్టింది. అప్పటి ధరకు నెలకు లక్షా పాతిక వేలు. మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. ఇంటాయన నన్ను కవర్లోంచి తీసి, పాత చోటనే పట్టుచీరల కింద పెట్టాడు. వీసాకు కూడా నాతో పని పడలేదు. వీసా కోసం ఖాతాలో డబ్బు చూపించాలని వారం పది రోజులకు వడ్డీకి తెచ్చేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆమెకు స్కాలర్‌షిప్ ఉత్తరమే సరిపోయింది.

ఆమె మొదట పోయింది పోర్చుగల్‌కు. ఆదివారం పూట వీడియో కాల్ ఈ గదిలోనే, బీరువా ముందరే మాట్లాడతారు. అందుకే అన్నీ నాకు వినబడతాయి. గదికి కిరాయి పోను మిగిలినదానితో వండుకుని తింటున్నానని, సాయంత్రాలు ల్యాబ్‌లో నీళ్ల నమూనాలతోనే గడుస్తాయని చెబుతుంది. సాయంత్రాలు! పెద్దకొడుకు క్యాంటీన్‌కు ఇచ్చేసిన ఆ గంటలే ఈమెకు దక్కాయి. స్కాలర్‌షిప్ అంటే ఫీజు డబ్బులని మాత్రమే లెక్కేసేవాళ్లకు ఈ సంగతి తట్టదు.

ఒక ఆదివారం ఆమె చెప్పిన మాట ఇంట్లో అందరినీ లేపి కూర్చోబెట్టింది. ఆమె క్లాసులో ఇరవై దేశాల దాకా పిల్లలున్నారట, అందులో ఒకాయనది ఇథియోపియా. ఈమె నల్గొండ నుంచి వచ్చానని చెప్పగానే ఆయన ఆశ్చర్యపోయాడట. వాళ్ల రిఫ్ట్ లోయలో కూడా నీళ్లలో ఫ్లోరైడే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతిని 1970ల్లో మన నీరీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. అది ఇథియోపియా, టాంజానియా ఊళ్ల దాకా పోయింది. ఆయనకు మన ఊరి పేరు చిన్నప్పుడే తెలుసట, మన ఊరు ఎక్కడుందో మాత్రం తెలియదట. ఇద్దరూ కలిసి ఒకే ప్రాజెక్టు చేస్తున్నారు. మర్రిగూడ బోర్ల లెక్కలు ఒక పక్క, రిఫ్ట్ లోయ బావుల లెక్కలు ఒక పక్క. తమ ఖర్చుతో చదువుకునేవాళ్లు మాత్రమే వస్తే ఆ క్లాసులో ఈ ఇద్దరూ ఉండేవాళ్లు కాదు.

ఈ గదిలో గోడ మీద బాబాసాహెబ్ అంబేద్కర్ ఫోటో ఉంది. ఇంటాయన ఆయన కథ పిల్లలకు చెబుతున్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తే 1913లో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పోయారు. అక్కడి నుంచి లండన్ పోయి చదువుతుండగా గడువు తీరింది. 1917లో చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక స్నేహితుడి అప్పు పోగేసి 1920లో మళ్లీ పోయారు. 1923లో డీఎస్సీ డాక్టరేట్ తీసుకున్నారు. అంతటి మనిషి చదువే డబ్బు ఆగగానే ఆగిందంటే, మామూలు ఇళ్ల పిల్లల సంగతి చెప్పాలా? స్వాతంత్ర్యం వచ్చాక 1954-55లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పెట్టింది. ఇప్పుడు ఏడాదికి 125 మందికి ఇస్తారు, ఆదాయ పరిమితి 8 లక్షలు. ఇంత పెద్ద దేశానికి ఆ సంఖ్య చాలదని నా గట్టి అభిప్రాయం. ఇనుప గదిలో నా పక్కన కూర్చున్న దస్తావేజులను చూసినవాళ్లెవరైనా అదే అంటారు.

బిడ్డ ఇప్పుడు పీహెచ్‌డీ గురించి చెబుతోంది. నెదర్లాండ్స్‌లో, జర్మనీలో పరిశోధన చేసేవాళ్లను చాలాచోట్ల ఉద్యోగులుగా తీసుకుని జీతమిస్తారట. "మళ్లీ దస్తావేజు తియ్యాల్నా అమ్మా?" అని ఇంటామె అడిగింది. "వద్దే అమ్మా, వాళ్లే జీతమిస్తరు" అన్నది బిడ్డ.

ఆమె సంగతి వీధంతా తెలిసింది. ఈ మధ్య ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. నిన్న ఎదురింటి ఆటో ఆయన ప్లాస్టిక్ కవర్లో తన ఇంటి దస్తావేజు పట్టుకుని వచ్చాడు. కొడుకుకు ఆస్ట్రేలియాలో సీటొచ్చింది, ఏ బ్యాంకుకు పోవాలో అడగడానికి. ఇంటాయన కవరు కూడా విప్పనియ్యలేదు.

"నీ ఆదాయం 5 లక్షల లోపే కదా తమ్ముడూ? అంబేద్కర్ విద్యానిధిలో 20 లక్షల దాకా ఇస్తరు, విమానం టికెట్ కూడా. దస్తావేజు ఇంట్ల పెట్టి రా. పిల్లగాని మార్కుల మెమోలు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ తీసుకురా. మా బిడ్డ ఆదివారం ఫోన్ చేస్తది. ఏమేం రాయాల్నో మీవానికి ఆమెనే చెప్తది."