యాభై మూడో పన్ను

దేవుడు మనిషికి పళ్ళు రెండు విడతలుగా మంజూరు చేశాడు. మొదటి విడత పాలపళ్ళు 20, రెండో విడత 32. మొత్తం 52 పళ్ళు పైసా ఖర్చు లేకుండా నోటిదాకా వచ్చి మొలిచాయి. ఆధార్ అడగలేదు, లైన్లో నిలబెట్టలేదు. అంత ఉచితానికి అలవాటు పడ్డాక యాభై మూడోది సొంత డబ్బుతో కొనుక్కోమంటే ప్రాణం ఉసూరుమంటుంది.

నాకు ఊడింది కింది దవడపన్ను. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, మా ఇంట్లో రాయి దాకా అక్కర్లేకపోయింది, పండక్కి వండిన చెగోడీ సరిపోయింది. పన్ను ముందే పుచ్చిందని డాక్టరమ్మ చెప్పాక చెగోడీ నిర్దోషిగా విడుదలైంది. మా ఆవిడ మర్నాడే రెండో వాయి వేసింది.

ఆరోగ్య బీమా పాలసీ తీసి చూశాను. ప్రమాదంలో పళ్ళు రాలితే డబ్బిస్తారట. చెగోడీ ప్రమాదం కిందికి రాదట.

“అయితే అలా వదిలేస్తే పోలా?” అన్నాను డాక్టరమ్మతో. మా అమ్మాయి కంటే చిన్నది. “వదిలేస్తే పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి అంకుల్. పై పన్ను కిందికి దిగుతుంది. ఎముక కూడా కరిగిపోతుంటుంది” అంది. నాకు చప్పున అర్థమైంది. ఊరి శివార్లో ప్లాటు కొని, ప్రహరీ కట్టకుండా వదిలేసిన వాణ్ణి. కబ్జా గురించి నాకు ఒకరు చెప్పాలా!

ధరల కాగితం ముందు పెట్టింది. రెండు వేల నుంచి నలభై వేల దాకా ఉంది. ఒక్క పన్నుకి ఇంత తేడా ఏమిటమ్మా అంటే, “నమిలే బరువు ఎవరు మోస్తారన్నదే తేడా అంకుల్” అంది. అన్నిటికంటే చవకైన తీసిపెట్టే పన్ను బరువు చిగుళ్ళ మీద పడుతుంది. బ్రిడ్జి అయితే పక్క పళ్ళు మోస్తాయి. ఇంప్లాంటు అయితే ఎముక మోస్తుంది. నలభై వేలు ఎవరు మోస్తారో కాగితంలో రాయలేదు.

తీసిపెట్టే పన్ను రెండు వేలే గానీ, దానికి మనం చేసే సేవ వేరు. రాత్రిళ్ళు తీసి నీళ్ళలో పెట్టాలి, ఎండనివ్వకూడదు. పేస్టుతో తోమితే గీతలు పడతాయట, మెత్తటి బ్రష్షే వాడాలి. కడిగేటప్పుడు కింద నీళ్ళ తొట్టి ఉంచుకోవాలి, జారితే పగలకుండా. ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న గుర్తు లేదు. అయినా ఫిర్యాదు చేయకూడదు. జార్జి వాషింగ్టన్ 1789లో అమెరికా అధ్యక్షుడయ్యేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. నీటిగుర్రం దంతంతోనూ, ఇతరుల పళ్ళతోనూ చేసిన సెట్టు స్ప్రింగులతో బిగించుకుని దేశాన్ని ఏలాడు. చక్కటి గులాబీ రంగు అక్రిలిక్ ఆయనకి దొరకలేదు, నాకు వీధి చివర దొరుకుతోంది.

బ్రిడ్జి మధ్యతరగతికి నచ్చే బేరం. పింగాణీ పూసిన లోహంతో పదిహేను వేలు, జిర్కోనియాతో అయితే ముప్పై వేలు. పోయిన పన్ను ఒకటే అయినా డబ్బు మూడింటికి కట్టాలి. ఎందుకంటే అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళనీ అరగదీసి, వాటికి టోపీలు తొడిగి, నడుమ కొత్తదాన్ని వేలాడదీస్తారు. ఏ పాపమూ ఎరగని ఆ రెండూ జన్మంతా పక్కవాడి బరువు మోయాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకుగా పుట్టినవాణ్ణి, వాటి బాధ నాకు తెలుసు. అందుకే వద్దన్నాను.

ఇక మిగిలింది ఇంప్లాంటు. 1950ల్లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చి, పరిశోధన అయ్యాక తీయబోతే అది రాలేదు. ఎముక దాన్ని సొంతం చేసేసుకుంది. ఆయన దాన్నే పట్టుకుని 1965లో మనిషి దవడలో టైటానియం వేరు నాటాడు. కుందేలు కాలు పుణ్యమా అని ఇవాళ మన బిల్లులో మూడు పద్దులు: లోపల స్క్రూ, దాని మీద దిమ్మ, ఆ పైన క్యాపు.

డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయితో ఈ మాట అంటే నవ్వాడు. “ఇక్కడ ఒక్క ఇంప్లాంటుకి మూడు నాలుగు వేల డాలర్లు నాన్నా. ఆ డబ్బుతో టికెట్టు కొనుక్కుని వచ్చి, అక్కడ పన్ను పెట్టించుకుని, ఆవకాయ పట్టుకుని తిరిగి రావచ్చు” అన్నాడు. అయితే స్క్రూని ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఒక సెలవుల్లో స్క్రూకి, మళ్ళీ సెలవుల్లో క్యాపుకి రావాలి. ఇది విన్న మా ఆవిడ ఫోన్ దగ్గరికొచ్చి, “వాడికి పన్నేమన్నా కదులుతోందేమో అడగండి” అంది.

మా మిత్రుడొకాయన మొత్తం సెట్టే ప్రభుత్వ దంత కళాశాలలో కట్టించుకున్నాడు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ఉన్నాయివి. బయట పాతిక వేలు చెప్పింది అక్కడ చాలా తక్కువలో అయిపోయింది. కాకపోతే అచ్చు తీయడానికోసారి, కొరుకుడు కొలవడానికోసారి, మైనం సెట్టు పెట్టి చూడటానికోసారి వెళ్ళాలి. విద్యార్థి చేసిన ప్రతి పనీ ప్రొఫెసరు చూసి సంతకం పెట్టాలి. ఈయన రిటైరయ్యాక తీరిక తప్ప ఆస్తి లేనివాడు. తీరికే కట్టి పళ్ళు తెచ్చుకున్నాడు.

నేను ఇంప్లాంటే ఖాయం చేసుకున్నాను. డబ్బు తీసుకుని వెళ్తే డాక్టరమ్మ షుగర్ రిపోర్టు చూసింది. “మూడు నెలల సగటు ఎనిమిది దాటింది అంకుల్. ఏడు దగ్గరికి తెచ్చుకుని రండి, లేకపోతే ఎముక సరిగా పట్టదు” అంది. తినడానికే కదా పన్ను, అది పెట్టాలంటే తినడం మానాలట.

ఇంటికొచ్చి కూర్చుని లెక్క వేశాను. ఒక్క పన్ను మార్కెట్ రేటు, బేరమాడాక, 35 వేలు. నాకింకా 31 ఉన్నాయి. అంటే పది లక్షల ఎనభై అయిదు వేల ఆస్తి, ఏ రిజిస్ట్రేషనూ లేకుండా నోట్లో పెట్టుకు తిరుగుతున్నాను. ఈ సంగతి గర్వంగా మా ఆవిడకి చెప్పాను. “పది లక్షలు నోట్లో పెట్టుకుని చెగోడీలు కొరుకుతారుటండీ!” అని పళ్ళెం లాక్కుపోయింది.