విమానం చవకే, బండి కిరాయే పిరం

జగిత్యాల దగ్గర్లో ఎయిర్‌పోర్టు పడితే దుబాయ్ టికెట్ చవకైపోతుందని చాయ్ హోటళ్లలో ఒక గట్టి నమ్మకం. నాకు మాత్రం కుదరడం లేదు. విమానం ఖర్చంతా ఎక్కినోళ్ల నెత్తిమీదే పడుతుంది. చిన్న రన్‌వే మీద దిగే విమానానికి డెబ్బై మంది ఎక్కితే గొప్ప. శంషాబాద్‌లో అదే భారాన్ని దాదాపు రెండు వందల మంది పంచుకుంటారు. పైగా అక్కడ కంపెనీల మధ్య పోటీ ఉంది. చిన్న ఊరికి ఒక్క కంపెనీ రావడమే మహాభాగ్యం, అది చెప్పిందే రేటు.

ఉడాన్ పథకం ఉంది కదా అంటారు. ఉంది. 2017 ఏప్రిల్ 27న కడప, నాందేడ్‌ల నుంచి హైదరాబాద్‌కు దాని కిందే విమానాలు మొదలయ్యాయి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నారు. కానీ ఆ ధర కొన్ని సీట్లకే, సర్కారు సాయం మూడేళ్లకే. వాటిని నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. ఆ విమానం తిరిగినన్నాళ్లయినా కోరుట్ల మనిషి దుబాయ్ పోవాలంటే మహారాష్ట్రలోని నాందేడ్‌కు వెళ్లి, గాల్లో ఎగిరి, మళ్లీ తెలంగాణలోనే దిగాలి! రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగేవి, తర్వాత అదీ పడావు పడింది. నిజాం కాలపు మామునూరు ఎయిర్‌పోర్టు 1981లో మూతపడితే, 2025లో మళ్లీ అనుమతి వచ్చింది. రానివ్వండి, వరంగల్‌కు మంచిదే. జగిత్యాలోళ్లకు అక్కడికి పోవడానికీ బండి కట్టుకోక తప్పదు.

అసలు పిరం ఆ బండే. పోయేది ఒక్కడు, సాగనంపేది తొమ్మిది మంది. తెల్లారుజామున విమానమైతే ముందురోజు మధ్యాహ్నమే బయల్దేరతారు. కిరాయి, టోల్, డ్రైవర్ బత్తా, సిద్దిపేటలో అందరికీ టిఫిన్లు. డిక్కీలో నైలాన్ తాడు కట్టి, మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టె. లోపల మామిడికాయ తొక్కు, సకినాలు. కౌంటర్ దగ్గర కాంటా ఎక్కువ చూపిస్తే ఆ తాడు అక్కడే విప్పాలి. (అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్లవాళ్లు కూడా తొక్కు డబ్బాను మడవలేకపోయారు.) టికెట్ మీద తగ్గించిన వెయ్యి రూపాయల కోసం నెలరోజులు ఫోన్ గీకినవాడు, ఈ ఖర్చు దగ్గర మాత్రం నోరు మెదపడు.

రెండేళ్లకోసారి వచ్చే కొడుకును కన్నతల్లి పంపడానికి పోవద్దా అని కోప్పడతారు. పోవాలి. అయితే టెర్మినల్ లోపలికి టికెట్ ఉన్నవాణ్నే రానిస్తారు. మిగిలిన తొమ్మిది మందీ ఏడ్చేది అద్దాల తలుపు బయటే. కాబట్టి అమ్మ, తోడుగా ఒకరు చాలు. ముగ్గురూ బస్సులో జేబీఎస్‌లో దిగి ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు ఎక్కితే సరి. మిగిలిన చుట్టాలు జగిత్యాల బస్టాండులోనే ఏడవండి, అక్కడ టోల్ లేదు.